పన్నెండో బెజ్జం

ఆ వీధిలో ఇంజన్ విప్పిన ప్రతివాడికీ ముగ్గురు గుర్తొస్తారు: మెకానిక్, దేవుడు, ప్యాకింగక్క. మెకానిక్ మధ్యాహ్నం దాటితే గానీ రాడు. దేవుడి సంగతి ఎవరూ చెప్పలేరు. ప్యాకింగక్క మాత్రం పొద్దున్న ఎనిమిదింటికల్లా షట్టరు ఎత్తేసి, ఎత్తుపీట మీద కూర్చుని, చెక్కదిమ్మ ముందుకు లాక్కుని టకటకమంటూ పని మొదలెట్టేస్తుంది.

ప్యాకింగ్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. రెండు ఇనప భాగాలను ఎంత బిగించినా మధ్యలో వెంట్రుకవాసి సందు ఉండనే ఉంటుంది. అందులోంచి నూనె కారకుండా మధ్యలో పలచని అట్టలాంటి షీటు పెట్టి బిగిస్తారు. ఆ షీటును సరిగ్గా ఆ భాగం ఆకారానికి కోసి, బోల్టులు దూరే చోట బెజ్జాలు కొట్టడమే ఆమె పని. కొత్త బండ్లకు ఇవి పెట్టెల్లో తయారుగా వస్తాయి. తయారుచేసినవాళ్లే మరిచిపోయిన పాత బండ్లకు మాత్రం ఆమే దిక్కు. ఇనప భాగం మీద షీటు పరిచి, గుండ్రటి తల ఉన్న చిన్న సుత్తితో అంచు వెంబడి తడుతూ పోతుంది. గట్టిగా కొట్టదు, తడుతుందంతే. పది నిమిషాల్లో షీటు తనంతట తనే తెగి, ఆ భాగానికి కవల పిల్లలా పక్కన పడుతుంది.

ఈ విద్య తండ్రి దగ్గర నేర్చుకుంది. ఆయన పోయి పదకొండేళ్లయింది గానీ దుకాణంలో ఆయన పద్ధతి ఒక్కటీ పోలేదు. కోసిన ప్రతి ప్యాకింగుకీ ఒక నకలు కోసి గోడకు మేకు కొట్టి తగిలించాలి. నకలు వెనక పెన్సిలుతో అది ఏ ఇంజనుదో, ఎప్పటిదో రాయాలి. ఇప్పుడు మూడు గోడలూ నిండిపోయి, ఒక్కో మేకుకి ఇరవై ముప్పై వేలాడుతున్నాయి. ఫ్యాను వేస్తే అన్నీ కలిసి గలగలమంటాయి. కొత్తగా వచ్చినవాళ్లు ఉలిక్కిపడతారు.

ఇక ఆమె గొప్పల సంగతి. దాచడమెందుకు, ప్యాకింగక్కకు గర్వం ఎక్కువే. ముక్కు మీద కోపం, నాలుక మీద గొప్ప. ఎవరైనా "అక్కా, బెజ్జం కాస్త పక్కకి వెళ్లినట్టుందే" అన్నారో, అయిపోయినట్టే. "నా చేత్తో ఒక్క బెజ్జం తప్పు పోలేదు. నీ బోల్టే వంకర. పోయి దాన్ని చూసుకో!" అని షట్టరు దాకా సాగనంపుతుంది. నూటికి నూరుపాళ్లూ బోల్టే వంకరగా ఉండేది కూడా. అందుకే వీధి వీధంతా ఆమె మాటకు కట్టుబడేది. రెండు దుకాణాల వాళ్లు ఏ ముక్క ఏ ఇంజనుదని కొట్టుకున్నా చివరికి ఆమె ముందుకే వచ్చేవారు. ఆమె వేలితో అంచు తడిమి "ఇది ఫలానాది" అంటే, ఇక అప్పీలు లేదు.

ఆ ఒక్క బెజ్జం సంగతి మాత్రం ఎవరికీ తెలియదు. మొగుడికి కూడా.

మొగుడు ఈ మధ్యే రిటైరైన బస్సు డ్రైవరు. ముప్పై ఒక్క ఏళ్లు బస్సు తోలాడు. అన్ని బస్సులకూ వేగం తాళం బిగించి ఉండేది. ఎంత తొక్కినా ఒక అంకె దగ్గర ఆగిపోయేది, అంతే. ఆ అలవాటు ఒంట్లో ఇంకిపోయింది. ఇంట్లో హాల్లోంచి వంటింట్లోకి తిరిగేటప్పుడు కూడా ఒక్క క్షణం ఆగి అటూ ఇటూ చూస్తాడు. "వెనక బండ్లేమైనా వస్తున్నాయా ఏం?" అని వాళ్లమ్మే ఎగతాళి చేస్తుంది. ఆవిడకు ఎనభై దాటాయి. కళ్లు మందగించాయి గానీ నోరు మందగించలేదు.

ఆయనకు జన్మకో కోరిక ఉంది. పాతికేళ్ల కిందట, నిండు బస్సుతో ఎత్తు రోడ్డు మీద ఈడ్చుకుంటూ వెళ్తుంటే, పక్కనించి ఒక నీలంరంగు నాలుగు తలుపుల కారు రివ్వున దాటిపోయింది. ఊరికే దాటిపోలేదు. అంత ఎత్తులోనూ ఏ ఆయాసమూ లేకుండా, నవ్వుతూ మాట్లాడుకుంటూ వెళ్లిపోయే మనిషిలా దాటిపోయింది. ఆ రోజు ఇంటికొచ్చి ఆ కారు పేరు కనుక్కున్నాడు. అందులో రెండు రకాల ఇంజన్లు ఉంటాయని కనుక్కున్నాడు. ఒకటి సాదా ఇంజను, ఒకటి జోరు ఇంజను. పైకి రెండూ ఒకేలా ఉంటాయి, తేడా అంతా లోపలే. తనను దాటింది జోరు ఇంజనే అయి ఉండాలని తేల్చుకున్నాడు. పెళ్లైన దగ్గర్నుంచీ ఆ మాట పెళ్ళాం చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నాడు. జన్మలో ఒక్కసారైనా తాళం లేని ఇంజను తొక్కాలి. అదీ ఆయన కోరిక.

అలాంటి కారు ఒకటి వీధి చివర పాత కార్లు అమ్మే యార్డులోకి వచ్చింది. అదే నీలం. కాస్త వెలిసింది, ఎడమ తలుపు కింద తుప్పు పట్టింది, అయినా అదే. వెనక డిక్కీ మీద జోరు ఇంజను గుర్తు మెరుస్తోంది. ఆయన రోజూ పొద్దున్నే వెళ్లి దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి వచ్చేవాడు.

"కొంటే జోరుదే కొంటా. సాదా ఇంజనైతే నాకొద్దు," అన్నాడు పెళ్ళాంతో. "సాదా బతుకు ముప్పై ఏళ్లు బతికాను, చాలు."

"డిక్కీ మీద గుర్తు ఎవడైనా అంటిస్తాడండీ. ఎవరి మాటా నమ్మకండి. అందులోనూ ఆ వెన్నపూస మాట అసలు నమ్మకండి."

వెన్నపూస అంటే యార్డు యజమాని. అంత నున్నగా మాట్లాడతాడని వీధి పెట్టిన పేరు. పాపం, ఎన్నో బండ్లకు ఎన్నో నున్నటి మాటలు చెప్పి చెప్పి, ఇప్పుడు నిజం చెప్పినా నమ్మే నాథుడు లేకుండా పోయాడు. ఆ కారు రోడ్డు మొహం చూడక రెండేళ్లయింది, యోగ్యతా పత్రం గడువు దాటిపోయింది. ఇంజను స్టార్టవుతుంది గానీ పత్రం వచ్చేదాకా గేటు దాటడానికి లేదు. కాబట్టి తోలి చూసి తేల్చుకునే వీలూ లేదు. అందుకని తనిఖీ చేయడానికి ఒకమ్మాయిని పిలిపించారు.

ఆ అమ్మాయి పనిమంతురాలు. వంక పెట్టడానికి లేదు. చేతిలో టాబ్లెట్, జేబులో టార్చి, చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, రెండు గంటలు కారు కిందా పైనా వెతికింది. చివరికి లేచి నిలబడి, మోకాళ్ల దుమ్ము దులుపుకుంది.

"ఇంజను మీద నెంబరు తుప్పు తినేసింది సార్. చివరి రెండంకెలు తప్ప ఏమీ చదవడానికి లేదు. రికార్డుల్లో చూస్తే ఈ బాడీ నెంబరు కారు బయటికొచ్చింది సాదా ఇంజనుతో. డిక్కీ మీద గుర్తు తర్వాత అంటించింది, అంచుల్లో జిగురు కనబడుతోంది. నేను సాదా అనే రాయాలి."

వెన్నపూస మొహం కందగడ్డయింది. "అమ్మా, నేను అబద్ధాలు ఆడలేదని అనను. ఈ కారు గురించి మాత్రం ఆడలేదు. అమ్మినాయన నాకు నోటితో చెప్పాడు, పాత ఇంజను పాడైపోతే, గుద్దుకుపోయిన ఇంకో కారులోంచి జోరు ఇంజను తెచ్చి వేయించానని. కాగితం లేదు, అంతే."

"కాగితం లేకపోతే నేనేం చేయను సార్?"

పక్కనే బస్సాయన నిలబడి ఉన్నాడు. కారు బానెట్ మీద పెట్టిన చెయ్యి తీసేసి, ఆ చేతిని ఏం చేయాలో తెలియనట్టు జేబులో పెట్టుకున్నాడు. అది చూసిన వెన్నపూసకే మనసు చివుక్కుమంది.

"అక్కను పిలుద్దాం," అన్నాడు. "అక్క ఏమంటే అది."

"ఆవిడ ఈయన భార్య కదండీ," అంది తనిఖీ అమ్మాయి.

"అయితే ఏం? ఆవిడ సొంత మొగుడికి కూడా ఒక మిల్లీమీటరు ఎక్కువివ్వదు."

అక్క వచ్చింది. చేతిలో దంతవైద్యులు వాడే అద్దంలాంటి పుల్ల అద్దం, చెవి మీద పెన్సిలు. వస్తూనే అందరికీ వినబడేలా చెప్పేసింది, "చూడండి, కొనేది మా ఆయన. కాబట్టి నేను రెండింతలు గట్టిగా చూస్తా. తెలిస్తే తెలుసంటా, తెలియకపోతే తెలియదంటా. ఆ తర్వాత ఎవరూ మొహం మాడ్చుకోవద్దు." ఆఖరి మాట అంటూ మొగుడి వంక చూసింది.

ఆమెకు తెలిసిన తేడా ఒకటే, అదీ ప్యాకింగ్ తేడా. ఆ ఇంజను ముందు భాగాన ఒక మూత ఉంటుంది. సాదా ఇంజనుకు ఆ మూత పది బోల్టులతో బిగుస్తుంది. జోరు ఇంజనుకు పదకొండు. అందులో నూనె ఎక్కువ ఒత్తిడితో తిరగాలి కాబట్టి, మూత ఎడమవైపున చెవిలాంటి చిన్న ముక్క బయటికొచ్చి, దానికింకో బోల్టు ఉంటుంది. నూనె దారి కూడా ఒక వేలెడు పక్కకి జరిగి ఉంటుంది. ఈ సంగతి ఏ టాబ్లెట్లోనూ ఉండదు. చిక్కల్లా ఏమిటంటే, ఆ ఎడమ చెవి నీళ్ల పంపు బ్రాకెట్టు వెనక దాక్కుని ఉంటుంది. విప్పితే తప్ప కనబడదు.

"విప్పుదామా?" అంది.

వెన్నపూస చేతులు జోడించాడు. "అక్కా, అమ్మకముందు స్పానరు పెట్టనివ్వడం మా యార్డులో లేదు. నీకు తెలుసుగా. ఒకసారి ఒకడు చూస్తానని విప్పి, తిరిగి బిగించకుండా పోయాడు. పాత బ్రాకెట్టు, విరిగిందంటే ఈ బండికి ఇంకోటి దొరకదు."

"సరే, విప్పకుండానే చూస్తాలే."

బానెట్ కింద తల దూర్చింది. ఎడమవైపు వేళ్లు దూరలేదు. కుడివైపు వెళ్లింది. అక్కడ చూడ్డానికేమీ ఉండదని తెలుసు, అయినా అలవాటు కొద్దీ మూత అంచు వెంబడి వేలు పోనిచ్చింది. కళ్లకంటే ముందు వేలితో చూడడం ఆమె పద్ధతి. ఇనుము, ఇనుము, బోల్టు తల, ఇనుము. ఉన్నట్టుండి వేలికి మెత్తగా ఏదో తగిలింది.

మూత దాటి చిన్న నాలుకలాగా ప్యాకింగ్ ముక్క ఒకటి బయటికొచ్చి ఉంది. గోరుతో దాని మధ్యలో తడిమింది. అక్కడ బెజ్జం ఉంది. బోల్టు లేదు, బోల్టుకి చోటూ లేదు. ఊరికే ఖాళీ బెజ్జం.

అద్దం పుల్ల పెట్టి చూడాల్సిన అవసరమే లేదు. తన చేతి పని తనకు తెలియదా?

అప్పుడామెకు ఇరవై నాలుగేళ్లు, పెళ్లి కాలేదు. తండ్రి ఏదో పని మీద బయటికెళ్లిన పూట ఒకాయన హడావుడిగా వచ్చాడు. నీలం కారు, జోరు ఇంజను, ముందు మూత ప్యాకింగ్ చిరిగిపోయింది, సాయంత్రానికల్లా బండి బయల్దేరాలి. మూత తేలేదు, చిరిగిన పాత ప్యాకింగ్ ఎడమ సగం మాత్రం తెచ్చాడు. కుడి సగం నూనెలో నాని పిండయిపోయింది. సగం చూసి సగం ఊహించవద్దని తండ్రి వందసార్లు చెప్పాడు. ఆమె వినలేదు. ఉన్న సగాన్ని పక్కకి తిరగేసి, అదే ఆకారం కుడివైపు కూడా గీసేసింది. ఎడమ చెవితో పాటు కుడి చెవీ వచ్చింది. దానికో బెజ్జం కూడా కొట్టేసింది. పదకొండు ఉండాల్సిన చోట పన్నెండు. ఆయన తీసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు అలాంటి ఇంజను ఒకటి పక్క దుకాణంలో విప్పి ఉంటే చూసి, కుడివైపు చెవి లేదని తెలుసుకుంది. తండ్రికి చెప్పలేదు. చెబితే సుత్తి చేతిలోంచి లాక్కుంటాడేమోనని భయం. గోడకు తగిలించిన నకలును మూల మేకుకి, అన్నిటి వెనకా తోసేసింది. ఆరు నెలలపాటు దుకాణం ముందు నీలంరంగు ఏది కనబడ్డా లేచి నిలబడేది. ఆయన తిరిగి రాలేదు. ఆ తర్వాత ఒక్క బెజ్జం తప్పు పోనివ్వలేదు. తప్పు పోలేదని పదిమందిలో చెప్పుకోవడం కూడా ఆ తర్వాతే మొదలెట్టింది.

ఇప్పుడా బెజ్జం ఆమె గోటి కింద ఉంది.

"ఏమైందే?" అన్నాడు మొగుడు.

తెలియదు అనేయొచ్చు. ముందే చెప్పింది కదా, తెలియకపోతే తెలియదంటానని. ఎవరూ ఒక్క మాట అనరు. అమ్మాయి సాదా అని రాసుకుంటుంది. వెన్నపూసను ఎలాగూ ఎవరూ నమ్మరు. మొగుడు ఇంటికొచ్చి, హాల్లోంచి వంటింట్లోకి తిరిగేటప్పుడు అటూ ఇటూ చూసుకుంటూ మిగతా రోజులు గడిపేస్తాడు. ఆమె పేరు ఆమెకుంటుంది. ఇరవై నాలుగేళ్లు కట్టుకున్న పేరు.

బానెట్ కింద నుంచి తల బయటికి తీసింది. చేతులు తుడుచుకుంది. తుడిచిన చేతులే మళ్లీ తుడుచుకుంది. నీళ్లు నమలడం ఆమెకు చేతకాని పని. అందుకే ఒక్కసారిగా అనేసింది.

"ఇది జోరు ఇంజనే. నాకెలా తెలుసంటే, దీని ప్యాకింగ్ కోసింది నేనే. నేనేనని ఎలా తెలుసంటే, తప్పుగా కోశాను."

వెన్నపూస నోరెళ్లబెట్టాడు. పక్క షెడ్డులో టైర్లు విప్పుతున్నవాళ్లు చేతిలో పని ఆపి ఇటు తిరిగారు. కోపంగా ఉన్నప్పుడే ఆమెకు మాట బాగా వస్తుంది. కాబట్టి కోపంగానే చెప్పింది, పూస గుచ్చినట్టు చెప్పింది. సగం ముక్క, తిరగేసి గీయడం, కుడి చెవి, పన్నెండో బెజ్జం, ఏదీ వదల్లేదు. ఎవరి మొహం వైపూ చూడలేదు. కారు వైపే చూస్తూ చెప్పింది.

"నా చేత్తో ఒక్క బెజ్జం తప్పు పోలేదని మీ అందరికీ చెబుతూ వచ్చాను కదా. అది అబద్ధం. ఒకటి పోయింది. అదుగో, అక్కడుంది. వెళ్లి చూసుకోండి."

తనిఖీ అమ్మాయి వెళ్లి అద్దం పుల్ల పెట్టి చూసింది, ఫొటో తీసుకుంది. తర్వాత అడగాల్సిన మాటే అడిగింది. "అమ్మా, ఇది మీరు కోసిందే అనుకుందాం. తర్వాత ఎవరైనా తీసి సాదా ఇంజనుకి పెట్టి ఉండొచ్చు కదా?"

అక్క ఆ పిల్ల వైపు మెచ్చుకోలుగా చూసింది. ప్రశ్న అంటే అలా ఉండాలి. "పెట్టొచ్చు తల్లీ. కానీ ఇందులో నూనె దారి బెజ్జం జోరు ఇంజనుకు సరిపడేలా వేలెడు పక్కకి ఉంది. సాదా దానికి పెడితే పూటలో నూనెంతా కింద ఉంటుంది. అంచు తడిమి చూడు. ఎక్కడైనా తడి ఉందా?"

అమ్మాయి చేతి తొడుగు తీసేసి తడిమింది. వేళ్లు చూసుకుంది. దుమ్ము తప్ప ఏమీ లేదు.

"నకలు కూడా ఉంది. తెస్తానుండు," అని అక్క దుకాణానికి నడిచింది. నాలుగు షట్టర్ల అవతల. మూల మేకు దగ్గర నిలబడి, ఇరవై ఎనిమిది నకళ్లు ఒక్కొక్కటే తీసి కింద పెట్టింది. అన్నిటికంటే వెనకది చేతికొచ్చింది. అంచులు పచ్చబడ్డాయి. రెండు చెవులూ అలాగే ఉన్నాయి, సిగ్గులేకుండా. దాని ముఖం వంక సరిగ్గా చూడకుండానే చంకలో పెట్టుకుని వచ్చేసింది.

ఫొటో పక్కన నకలు పెట్టి చూశారు. నాలుక వంపూ, బెజ్జం ఉన్న చోటూ, చివర సుత్తి దెబ్బ కాస్త ఎక్కువపడి వచ్చిన చిన్న నొక్కుతో సహా సరిపోయాయి. వెన్నపూస ఇక ఆగలేకపోయాడు. లోపలికెళ్లి స్పానర్లు తనే పట్టుకొచ్చాడు.

"విప్పండి! విరిగితే విరిగింది. ఈ యార్డులో నేను నిజం చెప్పానని పదిమందీ చూడాలి. మళ్లీ ఎప్పుడొస్తుందో ఈ అవకాశం!"

బ్రాకెట్టు విరగలేదు. అరగంటలో పక్కకి వచ్చింది. వెనక నూనె మడ్డి పట్టిన ఎడమ చెవి, దాని మీద పదకొండో బోల్టు తల కనబడ్డాయి. తనిఖీ అమ్మాయి దాన్ని గుడ్డతో తుడిచి, ఫొటో తీసి, టాబ్లెట్లో రాసినదంతా చెరిపేసింది. "జోరు ఇంజను," అని పైకి చదువుతూ రాసింది. ఇంజను మార్చినట్టు కాగితాల్లో ఎక్కించుకోవాలని, దానికి ఏ ఆఫీసుకి వెళ్లాలో, ఏమేం పట్టుకెళ్లాలో బస్సాయనకు వివరంగా చెప్పింది. ఆయన తలూపాడు గానీ ఒక్క ముక్క విన్నట్టు లేడు.

ఆయన చేతిలో ఆ నకలు ఉంది. ఇందాకటినుంచీ దాన్నే తిప్పి తిప్పి చూస్తున్నాడు. జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నాడు.

"ఏమే, దీని వెనక మామగారి రాత ఉందేంటి?"

"పాతవాటన్నిటి వెనకా ఉంటుంది. ఏ ఇంజనో ఆయనే రాసేవారు."

"ఇంజను పేరు ఒక్కటే కాదే. ఇంకా ఏదో ఉంది." దూరంగా పెట్టుకుని, ఒక్కో మాటే కూడబలుక్కుంటూ చదివాడు. "'జోరు ఇంజను, ముందు మూత. అమ్మాయి కోసింది. కుడి చెవి అదనం. పనికి అడ్డం కాదు. అంచు పని నాకంటే బాగుంది. కారదు.'"

అక్కకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కూడా అలాగే నిలబడింది. తండ్రి చూశాడన్నమాట. ఆ రాత్రే వచ్చి, గోడ మీద కొత్త నకలు చూసి, పన్నెండో బెజ్జం చూసి, కూర్చుని పెన్సిలు చెక్కుకుని రాసి, తిరిగి తగిలించాడన్నమాట. ఆ తర్వాత పదమూడేళ్లు పక్కనే కూర్చుని పని చేశాడు. ఆ నకలును ఆమె మూలకి తోసేయడం కూడా చూసే ఉంటాడు.

"తెలిసి తెలిసి ఒక్క మాట అనలేదు, మహానుభావుడు!" అంది. "ఆరు నెలలు నాకు నిద్ర లేదు. ఒక్క మాట చెబితే ఏం పోయేది?"

"నువ్వే చెబుతావని చూసుంటారు," అన్నాడు మొగుడు మెల్లగా.

ఆమె ఆ షీటు ఆయన చేతిలోంచి తీసుకుని, ఆ రాత తనే మరోసారి చదువుకుంది. 'నాకంటే బాగుంది.' బతికుండగా తండ్రి నోటివెంట అలాంటి మాట ఒక్కటీ రాలేదు. ఆమె కళ్లు తుడుచుకుంటే మొహానికి మడ్డి అంటింది. వీధిలో ఎవరికీ నవ్వే ధైర్యం లేకపోయింది.

టైర్ల షెడ్డులోంచి ఒకడు మాత్రం అన్నాడు, "అక్కా, ఇరవై నాలుగేళ్లు ఒక్క చుక్క కారలేదంటే, అది తప్పెలా అవుతుంది?"

"తప్పు తప్పేరా," అంది అక్క వెంటనే. "బెజ్జం అదనమే. దాన్నేమీ ఒప్పు చేయకు." అని తల పైకెత్తి, "కానీ కారలేదు, చూశావా?" అంది.

కారు కొని, కాగితాలు సరిచేయించుకుని, యోగ్యతా పత్రం తెచ్చుకోవడానికి మూడు వారాలు పట్టింది. కారు బయటికి తీసిన మొదటిరోజు అత్తగారు వెనక సీట్లో కూర్చుంటానని పట్టుబట్టి కూర్చుంది. బస్సాయన అద్దాలు సరిచేసుకున్నాడు, సీటు సరిచేసుకున్నాడు, ఎవరైనా ఎక్కేవాళ్లు మిగిలారేమోనన్నట్టు వెనక్కి తిరిగి చూశాడు. వీధి దాటి, ఎత్తు రోడ్డు ఎక్కి, బస్సు ఆగిపోయే ఆ అంకె దగ్గరికి రాగానే కాలు దానంతటదే తేలికైపోయింది. కారు అదే వేగంతో, అతి మర్యాదగా పోతోంది.

"ఏవండీ."

"ఊఁ."

"ఇందులో తాళం లేదు. తొక్కండి."

ఆయన ఆమె వైపు చూశాడు, రోడ్డు వైపు చూశాడు. తొక్కాడు. వీపు సీటుకి అతుక్కుపోయింది. ఎదురుగా ఎత్తు ఉందన్న సంగతే కారుకి తెలియనట్టు పైకి లేచింది. వెనకనించి అత్తగారు "ఒరేయ్! ఇన్నాళ్లూ మమ్మల్ని ఎడ్లబండి మీద తిప్పావురా!" అని అరిచింది. ఆయన నవ్వుతున్నాడు, కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, అయినా ఎదురుగా వచ్చే మలుపుకి అలవాటు ప్రకారం సిగ్నలు వేశాడు. దారిలో ఒక బస్సు అడ్డమొస్తే, హారను కొట్టకుండా దాని వెనకే చాలాసేపు ఓపిగ్గా వెళ్లి, రోడ్డు బాగా వెడల్పయ్యాక దాటాడు. దాటుతూ ఆ డ్రైవరుకి చెయ్యి ఊపాడు.

పైన రోడ్డు వెడల్పుగా ఉన్నచోట ఆపాడు. అక్క దిగి, ఎవరికీ చెప్పకుండా కారు ముందుకెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని కిందికి వంగి చూసింది. ఇంత వేగంగా, ఇంత ఎత్తు ఎక్కి వచ్చింది. ఇంజను లోపల ఇంకా టిక్కుటిక్కుమంటోంది. నేల మీద అరచెయ్యి పెట్టి, అటూ ఇటూ రాసి, చెయ్యి వెనక్కి తీసుకుని వెలుతురులో చూసుకుంది.

"ఏముందే అక్కడ?" అన్నాడు మొగుడు.

"ఏమీ లేదు," అంది గర్వంగా. "పొడిగా ఉంది."